ఉమ్మడి పాఠమునకు పనిముట్లు

ఒక మీటరు కఱ్ఱను ఎండలో నిలువుగా నిలిపి, మిట్టమధ్యాహ్నమున దాని నీడను కొలిచి, ఆ కొలతనుండి భూగోళము చుట్టుకొలతను కనుగొనవచ్చునని చెప్పినచో ఎనిమిదవ తరగతి విద్యార్థి మొదట నమ్మడు. నమ్మకపోవుటయే మేలు. ఏలయన ఒక్క కఱ్ఱతో ఆ పని కాదు. ఒకే దినమున, ఉత్తర దక్షిణములుగా చాల దూరమున నున్న రెండు చోట్ల, రెండు కఱ్ఱలు నిలువవలెను. రెండు నీడలను ఇరువురు కొలువవలెను. ఒకరి కొలత రెండవవారికి చేరవలెను. ఈ చేరవేయు పనిని గూర్చియే నేను ఇచ్చట ముఖ్యముగా చెప్పదలచినాను. నీడను కొలిపించుట గణితోపాధ్యాయుని పని యనియు, కొలతలను దేశాంతరమునకు పంపుట కంప్యూటరు గదిలోని వారి పని యనియు మన పాఠశాలలలో ఒక విభజన ఏర్పడినది. ఆ విభజన మంచిది కాదని నా అభిప్రాయము.

క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున, ఈజిప్టు దేశమందలి అలెగ్జాండ్రియా నగరమున, ఎరతొస్తనీసు అను పండితుడు అచ్చటి మహాగ్రంథాలయమునకు అధికారిగా నుండెను. దక్షిణమున సయీనీ యను పట్టణము కలదు. నేడు దానిని అస్వాన్ అందురు. సంవత్సరములో పగలు మిక్కిలి దీర్ఘముగా నుండు దినమున సయీనీలో సూర్యుడు నడినెత్తికి వచ్చుననియు, లోతైన బావి అడుగున సూర్యబింబము కనబడుననియు ఆతడు వినియుండెను. అదే దినమున అలెగ్జాండ్రియాలో నీడ పడుచుండెను. ఆ నీడ తెలుపు కోణము పూర్ణవృత్తములో 50వ వంతు, అనగా నేటి లెక్కలో 7.2 డిగ్రీలు. రెండు పట్టణముల నడుమ దూరము 5,000 స్టేడియములు. దానిని 50 చేత గుణింపగా 2,50,000 స్టేడియములు వచ్చినవి. స్టేడియము పొడవెంతయో పండితులు నేటికిని వాదించుకొనుచున్నారు గాని, పద్ధతిలో లోపము పట్టినవారు లేరు.

ఆ బావిలోనికి తొంగిచూచిన వారెవరో, ఆ దూరమును నడచి కొలిచిన వారెవరో చరిత్ర వారి పేరులు చెప్పలేదు. ఆతని గణితము ఇతరుల కన్నులమీదను, ఇతరుల కాళ్లమీదను ఆధారపడినది. పుట్టుకతోనే అది ఉమ్మడి పని.

మన జ్యోతిర్గణితజ్ఞులకును ఈ నీడ క్రొత్త కాదు. పండ్రెండు అంగుళముల కఱ్ఱను శంకువనిరి. పగలు, రాత్రి సమానముగా నుండు విషువ దినమున మధ్యాహ్నమందు ఆ శంకువు నీడ ఎన్ని అంగుళములో దానికి పలభ యని పేరు పెట్టిరి. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క పలభ. విజయవాడకు లెక్కించిన అది మూడున్నర అంగుళములకు కొంచెము పైన ఉండును. శ్రీలంకలోని కాండీ నగరమునకు ఒకటిన్నర అంగుళము. పంచాంగము గుణించువారు ఊరి పలభ తెలియనిదే లగ్నము కట్టరు. భూగోళోపాధ్యాయుడు అక్షాంశమని చెప్పు విషయమునే వారు నీడగా చెప్పిరి. ఈ మాట ఆధునిక పాఠముతో జోడించి చెప్పిన తెలుగు పండితునికి కూడ ఆ తరగతిలో చోటు దొరకును.

విజయవాడను, కాండీని ఉదాహరణముగా తీసికొనుటకు కారణమున్నది. ఆ రెండు నగరములును ఇంచుమించు ఒకే రేఖాంశముమీద, 80.6 డిగ్రీల తూర్పున ఉన్నవి. ఒకటి 16.5 డిగ్రీల ఉత్తరము, రెండవది 7.3 డిగ్రీల ఉత్తరము. నడుమ దూరము సుమారు 1,020 కిలోమీటర్లు. మార్చి 20వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నమందు, ఒక మీటరు కఱ్ఱ నీడ విజయవాడలో ఇంచుమించు 29.6 సెంటిమీటర్లు, కాండీలో 12.8 సెంటిమీటర్లు పడును. పిల్లలు త్రిభుజమును కాగితముపై గీచి కోణమానినితో కొలిచినచో ఒకచోట 16.5, మఱియొకచోట 7.3 డిగ్రీలు వచ్చును. తేడా 9.2 డిగ్రీలు. 360ని 9.2 చేత భాగించి 1,020 చేత గుణింపుడు. సుమారు 39,900 కిలోమీటర్లు. ధ్రువములమీదుగా కొలిచిన భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు. రెండు కఱ్ఱలతో ఇంత దగ్గఱకు వచ్చుట చిన్న విషయము కాదు.

ఇక్కడ ఒక బుద్ధిమంతుడైన బాలుడు లేచి, “దూరము 1,020 కిలోమీటర్లని మీకు చెప్పినది గూగుల్ పటమే గదా? ఆ పటమునకు భూమి చుట్టుకొలత ముందే తెలిసియుండును గదా?” యని అడుగవచ్చును. అడుగవలెను కూడ. ఎరతొస్తనీసు సయితము తాను కొలువని దూరమును నమ్మి లెక్క వేసెనని చెప్పి, ఏది మనము కొలిచినది, ఏది మనము పుచ్చుకొన్నది అని రెండు వరుసలు వేఱువేఱుగా వ్రాయించవలెను. ఆ ప్రశ్న వచ్చిన తరగతి ధన్యమైనది.

ఇప్పుడు ఈ పనిని రెండు దేశముల ఉపాధ్యాయులు కలసి నడపవలెనన్న ఏమేమి కావలెను? ఒక లేఖ, ఒక పట్టిక, ఒక పటము, ఒక సమావేశము. ఇంతకు మించి లేదు. లేఖకు ఈమెయిలు, పట్టికకు గూగుల్ షీట్స్ వంటి ఉమ్మడి స్ప్రెడ్‌షీటు, సమావేశమునకు జూమ్ గాని గూగుల్ మీట్ గాని చాలును. వీనిలో అందఱును మొదట పరుగెత్తునది సమావేశమునకు. తెరమీద పరదేశపు పిల్లలు చేతులు ఊపుట, మన పిల్లలు తిరిగి ఊపుట, ఒక ఛాయాచిత్రము, మఱునాడు పత్రికలో వార్త. ఇది ఉత్సవమే గాని పాఠము కాదు. నా దృష్టిలో ఈ నాలుగింటిలో అన్నిటికంటె ఆలస్యముగా నేర్వవలసినది సమావేశము. అన్నిటికంటె ముందు నేర్వవలసినది పట్టిక.

పట్టికయన్న గడులు గీచిన కాగితమే గదా యని తోచవచ్చును. ఒక ఉదాహరణము చూడుడు. మన రెండు పాఠశాలలు మార్చిలో గాక ఏప్రిల్ 20వ తేదీన నీడలు కొలిచినవనుకొందము. ఆనాటికి సూర్యుడు 11.5 డిగ్రీల ఉత్తరమునకు వచ్చియుండును; అనగా కాండీని దాటి, విజయవాడను చేరక, రెంటి నడుమ నుండును. విజయవాడలో నీడ ఉత్తరమునకు పడును, కోణము 5 డిగ్రీలు. కాండీలో నీడ దక్షిణమునకు పడును, కోణము 4.2 డిగ్రీలు. అప్పుడు రెండు కోణములను కూడవలెను గాని తీసివేయరాదు. కూడినచో మరల అదే 9.2 వచ్చును. తీసివేసిన 0.8 వచ్చును. దానితో లెక్క కట్టినచో భూమి చుట్టుకొలత 4,59,000 కిలోమీటర్లని తేలును. అది గ్రహములన్నిటిలో పెద్దదియైన గురుగ్రహపు చుట్టుకొలతకంటెను ఎక్కువ! పిల్లలు సరిగా కొలిచిరి, ఉపాధ్యాయులు సరిగా పంపిరి. పట్టికలో ‘నీడ దిక్కు’ అను ఒక్క వరుస లేకపోవుటచేత భూమి గురుగ్రహమును మించినది.

ఆ వరుస ఉండవలెనని ఎవరికి తోచును? కంప్యూటరు బాగుగా తెలిసినవానికి తోచదు. సూర్యుని గమనము తెలిసినవానికి తోచును. కాని సూర్యుని గమనము తెలిసిన ఉపాధ్యాయునకు పట్టికలో వరుస చేర్చుట తెలియనిచో, ఆ తెలివి తరగతిగదిలోనే ఆగిపోవును. అందుచేతనే ఈ పనిముట్లను పాఠము చెప్పువాడే నేర్వవలెనని నేను పట్టుపట్టుచున్నాను.

పనిముట్టు నేర్చిన ఉపాధ్యాయుడు ఆ దిక్కును పిల్లలచేత వ్రాయింపక ‘ఉత్తరము, దక్షిణము, నీడ లేదు’ అను మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనునట్లు గడిని అమర్చును. నీడ పొడవు గడిలో సంఖ్య తప్ప మఱేదియు పడకుండ కట్టుదిట్టము చేయును. శీర్షికల వరుసకు తాళము వేయును. ఎవరు చూచుటకు మాత్రమే, ఎవరు వ్యాఖ్య వ్రాయుటకు, ఎవరు మార్చుటకు అర్హులో నిర్ణయించును. ఎవరైన పొరబాటున ఒక వరుసను తుడిచివేసినచో, పట్టిక యొక్క పాత ప్రతులను తెఱచి నిన్నటి రూపమును తిరిగి రప్పించును. వీనిలో ఏ ఒక్కటియు నేర్చుటకు ఒక పూటకంటె ఎక్కువ పట్టదు. ఛందస్సులో గణవిభజన నేర్పినవానికి ఇది కష్టమని నేను ఒప్పుకొనను.

ప్రమాణముల సంగతి మఱియొకటి. 3/4 అని వ్రాసిన మనకు ఏప్రిల్ 3; అమెరికావారికి మార్చి 4. అందుచేత సంవత్సరము ముందు, నెల తరువాత, దినము చివఱ వ్రాయు అంతర్జాతీయ పద్ధతిని మొదటి నాడే ఒప్పుకొనవలెను. సెంటిమీటర్లా, అంగుళములా? ఇది బడిపిల్లల విషయమని నవ్వరాదు. 1999 సెప్టెంబరులో అమెరికా వారి అంగారక గ్రహ నౌక ఒకటి గమ్యము చేరియు నశించినది. ఒక పక్షమువారు ఆంగ్ల మానములలో ఇచ్చిన సంఖ్యలను రెండవ పక్షమువారు మెట్రిక్ మానములుగా గ్రహించుటయే అందులకు కారణము. రెండు పక్షములవారును మహామేధావులే. గడిపై మానము పేరు వ్రాసికొనుటకు మేధస్సు కంటె ముందుచూపు అవసరము.

ఒక సెంటిమీటరు పొరపాటు ఎంత దూరము పోవునో కూడ చెప్పవలెను. కాండీలో నీడను ఒక సెంటిమీటరు తక్కువగాగాని ఎక్కువగాగాని వ్రాసినచో కోణము అర డిగ్రీకి పైగా మారును. భూమి చుట్టుకొలత రెండువేల కిలోమీటర్లకు పైగా తేడాపడును. కావున ఒక్కొక్క బడిలో ఒక్క కఱ్ఱ చాలదు. అయిదారు జట్లు వేఱువేఱుగా కొలిచి, అన్నిటి సగటు తీయవలెను. ఇచ్చట యంత్రము నిజముగా సాయపడును. అయినను కోణమును మొదట పిల్లలు చేతితో గీచి కొలిచిన పిమ్మటనే పట్టికలోని సూత్రమును చూపవలెను. చేయి ఎఱుగని లెక్కను యంత్రము చేసిపెట్టిన, పిల్లవానికి మిగులునది జవాబు మాత్రమే.

కాలము మాటకు వత్తము. గడియారములో పండ్రెండు కొట్టినప్పుడు సూర్యుడు నడిమికి రాడు. విజయవాడలో మార్చి 20న సుమారు 12 గంటల 15 నిమిషములకును, ఏప్రిల్ 20న 12 గంటల 7 నిమిషములకును వచ్చును. పదకొండు ముప్పావునుండి అయిదేసి నిమిషముల కొకసారి నీడను గుర్తించి, అన్నిటిలో పొట్టి నీడను గ్రహించుట పిల్లలకు తగిన మార్గము. మన ఒంటిపూట బడుల దినములలో గంట కొట్టి పిల్లలను వదలుటకు కొంచెము ముందుగా ఈ ఘడియ వచ్చుట మన అదృష్టము. శ్రీలంక గడియారము 2006 నుండి మన గడియారముతో సమానముగా నడచుచున్నది గనుక అచ్చట చిక్కు లేదు. కాని ఉత్తరమున కజకిస్తాన్‌లోని ఆల్మటీ నగరపు పాఠశాల మూడవదిగా చేరినచో, ఆ దేశము 2024 మార్చినుండి పాటించు కాలము మనకంటె అరగంట వెనుక నుండును. ఆ నగరము మన రేఖాంశముమీద లేదు. కొంచెము పడమటగా నున్నది. పటములోని కొలబద్ద ఏటవాలు దూరమును చూపును. మనకు కావలసినది ఉత్తర దక్షిణ దూరము. ఇట్టి విషయములు భూగోళోపాధ్యాయునికి ఒక నిమిషములో తట్టును. ఆతనికి తెలియకుండ వేఱొకరు పటమునుండి సంఖ్యను తీసి పట్టికలో వేసినచో ఎవరికిని తట్టదు.

సెలవుల పట్టిక కూడ ఉమ్మడిగా నుండవలెను. శ్రీలంకలో ప్రతి పౌర్ణమియు సెలవు దినము. ఏప్రిల్ 13, 14 తేదీల ప్రాంతమున వారికి సింహళ, తమిళ నూతన సంవత్సరపు పండుగ. మనకు ఉగాది, శ్రీరామనవమి, పరీక్షలు. ఉమ్మడి కేలండరులో రెండు దేశముల సెలవులను రెండు రంగులలో వేసి చూచిన, మిగిలిన దినములు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వానిలో మబ్బు పట్టని దినమును భగవంతుడు ఇయ్యవలెను.

అంతర్జాల మెఱుగని దినములలో దేశములు ఇట్లు కలసి కొలువలేదా యన్న, కొలిచినవి. 1957 జూలై 1 నుండి 1958 డిసెంబరు 31 వరకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరములో 67 దేశములు పాల్గొన్నవి. అందఱును ఒకే తీరున కొలిచి, ఒకే తీరున వ్రాసి, ఆ వ్రాతలను ప్రపంచ సమాచార కేంద్రములకు చేర్చుటకు ముందుగనే ఒడంబడిక చేసికొనిరి. అంతకుముందు, 1920లలో, ఫ్రాన్సు దేశమున సెలెస్టిన్ ఫ్రెనే అను గ్రామోపాధ్యాయుడు తన తరగతిలో చిన్న అచ్చుయంత్రమును నెలకొల్పి, పిల్లల వ్రాతలను పిల్లలచేతనే అచ్చువేయించి, దూరపు పాఠశాలకు పంపి, అచ్చటివారి వ్రాతలను తెప్పించుచుండెను. ఆ తరగతిలో సీసపు అక్షరములు పేర్చినవారు అచ్చుయాపీసు పనివారు కారు, పిల్లలే. ఫ్రెనే కథలో నన్ను ఆకర్షించునది ఆ యంత్రము కాదు. దానిని తరగతి గదిలోనికి తెచ్చినవాడు ఉపాధ్యాయుడే యనుట.

తరువాత 1988లో న్యూయార్కు రాష్ట్రములోని కొన్ని పాఠశాలలకును మాస్కోలోని కొన్ని పాఠశాలలకును నడుమ ఇట్టి సంబంధము ఏర్పడి, అందుండి ఐఎర్న్ అను అంతర్జాతీయ సంస్థ పెరిగినది. 1995లో అమెరికాలో గ్లోబ్ అను పథకము మొదలై, అనేక దేశముల విద్యార్థులచేత వాన, ఉష్ణోగ్రత, నేల, చెట్టుచేమలను కొలిపించుచు వచ్చినది. 2005లో ఐరోపావారు తమ పాఠశాలలను జతపఱచుటకు ఈట్విన్నింగ్ ప్రారంభించిరి. విషువ దినములలో వివిధ దేశముల పాఠశాలలు ఈ నీడ ప్రయోగమునే కలసి చేయుటయు కలదు. ఇవి మెచ్చదగిన పనులు. వీనిలో మన పిల్లలు చేరుట మంచిదే. కాని నా మనస్సును కలచు ప్రశ్న ఒకటి కలదు. పట్టికను గీచువారెవరు, నింపువారెవరు?

ఎల్లప్పుడు ఇతరులు గీచిన పట్టికను నింపు పాఠశాలలో పిల్లలు కొలుచుట నేర్తురు గాని, ఏది కొలువదగినదో నిర్ణయించుట నేర్వరు. గీచినవారికి తమ ఋతువులే ఋతువులుగా తోచును. నాలుగు ఋతువుల పట్టికలో మన వర్ష ఋతువును ఏ గడిలో వేయుదుము? మంచు ఎంత లోతు పడినదను వరుసలో గోదావరి తీరపు పిల్లలు ఏడాది పొడుగున సున్నలు చుట్టుచు కూర్చుందురు. ఏరువాక ఏనాడు సాగినదో, చెఱువు ఎన్ని మెట్లు నిండినదో వ్రాయుటకు వారికి వరుస ఉండదు. ఇది ఎవరి దురుద్దేశమును కాదు. పట్టికను గీచిన ఊరిలో చెఱువు లేదు, అంతే. చెఱువు ఉన్న ఊరి ఉపాధ్యాయురాలు పట్టికను గీయనేర్చి, “మీ ఊరి నీటి వనరును ఏ గుర్తులతో కొలుతురు?” అని కాండీకి, ఆల్మటీకి తానే లేఖ వ్రాసిననాడు మాత్రమే ఆ వరుస పుట్టును.

దీనికి ఉపాధ్యాయులు చెప్పు సమాధానమును నేను ఎఱుగుదును. “అయ్యా, ఇప్పటికే హాజరు ఒక యాప్‌లో, భోజనము లెక్క మఱియొక యాప్‌లో, పుస్తకముల పంపిణీ వేఱొకదానిలో ఎక్కించుచు మా కన్నులు కాయలు కాచినవి. ఇంకను నేర్వుమందురా?” అని వారందురు. వారి కష్టము నిజము. సంకేతము దొరకక గోడయెక్కి ఫోను పట్టుకొని నిలిచిన ఉపాధ్యాయుని చూచిన ఎవరును ఆ మాటను త్రోసివేయలేరు. కాని ఆ పనులకును ఈ పనికిని తేడా ఉన్నది. అవి అన్నియు పైవారు గీచిన పట్టికలు, మనము నింపువారము. ఏండ్లతరబడి నింపుటయే చేసినవానికి, యంత్రమన్న నింపుటకే పుట్టినదను భావము కలుగును. తన పాఠమునకు తాను ఒక్క పట్టిక గీచిననాడు ఆ భావము సగము పోవును. అధికారులకు కూడ ఒక మాట: ఉపాధ్యాయునిచేత నింపించు గడులు కొన్ని తగ్గించినచో, గీచుటకు ఆతనికి తీరిక చిక్కును.

రెండు దినముల శిక్షణ, మధ్యాహ్న భోజనము, చివఱ ధ్రువపత్రము – ఈ పద్ధతిలో పనిముట్లు రావు. నలుబది మీటలను వరుసగా చూపి ‘ఇది ఇందులకు’ అని చెప్పిన, ఈత పుస్తకము చదివినట్లుండును. ఒక నిజమైన చిన్న పని తలకెత్తుకొని, దానికి ఎంత అవసరమో అంతే నేర్వవలెను. మొదటి నెల లేఖ మాత్రమే. రెండవ నెల పట్టిక. పట్టికను దేశాంతరమునకు పంపుటకు ముందు ప్రక్క ఊరి బడితో ఒకసారి నడపి చూడవలెను. విజయవాడ బడియు శ్రీకాకుళము బడియు కొలిచినచో భూమి సరిగా రాకపోవచ్చును గాని, పట్టికలోని లోపములన్నియు బయటపడును. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఈ పనిలో తన గురువుకంటె వేగముగా నడచినచో ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్చుకొనుటలో చిన్నతనమేమియు లేదు. వేగము ఆమెది, దిక్కు వరుస ఎందులకు కావలెనో చెప్పునది గురువు.

భాష విషయము నాకు మిక్కిలి ఇష్టమైనది గనుక కొంచెము ఎక్కువ చెప్పెదను. తెలుగు అక్షరములకు యూనికోడు అను ప్రపంచ ప్రమాణములో 1991లోనే స్థానము దొరకినది. ఆ పద్ధతిలో టైపు చేసిన తెలుగు కాండీలోని యంత్రముమీదను తెలుగుగానే కనబడును. అచ్చుకూటములలో వాడుకలో నున్న పాత ఫాంటులతో టైపు చేసినది అవతలివారికి అర్థములేని గుర్తుల వరుసగా కనబడును. కావున పండితులు యూనికోడు టైపు నేర్వవలెను. అనువాద యంత్రమును వాడవచ్చును, నమ్మరాదు. తెలుగులో కర్తను చెప్పకయే వాక్యమును ముగింపవచ్చును. యంత్రము ఎవరినో ఒకరిని కర్తగా ఊహించి కూర్చుండబెట్టును. సింహళములోనికి మార్చిన వాక్యమును మరల తెలుగులోనికి మార్చి చూచిన, చెడినచోటు తెలియును. పొట్టి వాక్యములు తక్కువగా చెడును.

సింహళమువారు పాఠశాలను ‘పాసల’ అందురు. సూర్యుని ‘సూర్యయా’ అందురు. 1739 నుండి 1815 వరకు కాండీ రాజ్యమును ఏలిన నాయక రాజులు దక్షిణ భారతమునుండి వెళ్లిన, తెలుగు మూలము గల వంశమువారు. నీడ కొలుచుటకు మొదలైన లేఖలు ఇట్టి మాటలలోనికి ప్రవహించినచో, తెలుగు తరగతికిని చరిత్ర తరగతికిని పని దొరకును. ప్రణాళిక వ్రాయునప్పుడే దీనికి రెండు ఖాళీ వారములు విడిచిపెట్టవలెను. ప్రతి దినమును నింపివేసిన ప్రణాళికలో పిల్లవాని ప్రశ్నకు చోటుండదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పట్టికలో పిల్లల పేరులు వ్రాయరాదు. ‘మూడవ జట్టు’ అని వ్రాసిన చాలును. వారి ఛాయాచిత్రములు, ఫోను సంఖ్యలు దేశాంతరము పోరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిది ఏండ్లు నిండనివారినందఱిని బాలలుగా ఎంచి, వారి వివరములు గ్రహించుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. చట్టము మాట అటుంచి, అది మర్యాద. తల్లిదండ్రులను ఒకనాటి సాయంత్రము పిలిచి, ఏమి పంపుచున్నామో తెరమీద చూపిన వారికి నమ్మకము కలుగును. బహుశః కొందఱు కఱ్ఱలు కూడ తెచ్చి యిత్తురు.

అంతర్జాలము లేని దినముండును, కరెంటు లేని దినముండును. అందుచేత కొలత మొదట కాగితపు రిజిస్టరులో పడవలెను, పిమ్మటనే పట్టికలోనికి ఎక్కవలెను. రిజిస్టరును సంవత్సరాంతమున పాతబీరువాలో పడవేయక భద్రపఱచిన, వచ్చు సంవత్సరపు పిల్లలు తమ నీడను వీరి నీడతో పోల్చి చూచుకొందురు.

ఈ పనికి పూనుకొను ఉపాధ్యాయుడు సెప్టెంబరు విషువమునకు మొదలుపెట్టదలచినచో, ఆ నెల 22, 23 తేదీలకు రెండు మాసములు ముందుగా, జూలైలోనే, మొదటి లేఖను పంపవలెను. వానకాలము గనుక మఱి నాలుగు దినములు చేతిలో ఉంచుకొనవలెను. ఆ లేఖలో గొప్ప ఆశయములు వ్రాయనక్కఱలేదు. మీ బడి గంట ఏ వేళకు మ్రోగును? మధ్యాహ్నమున చెట్టునీడగాని, గోడనీడగాని పడని చదునైన చోటు మీ ఆవరణలో ఎంత కలదు? మీ మీటరు బద్ద కఱ్ఱదా, గుడ్డ టేపా? పట్టికలో మీకు కావలసిన వరుస ఏది? ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, తన బడి విషయమున వీనికి సమాధానములు తానే ముందుగా వ్రాసి, జవాబుకై ఎదురుచూడవలెను.